వంతు కొట్టేయొద్దు

నిరుడు పసుపు తవ్వే రోజుల్లో నా బిడ్డ నాకొక పని అప్పజెప్పింది. నిజామాబాద్‌లో మా ఇంటి పైగదిలో తను, తన స్నేహితురాలు కలిసి చిన్న వ్యాపారం నడుపుతున్నారు. నందిపేట్ వైపు రైతులు కొందరు కలిసి పసుపు ఉడకబెట్టే బాయిలర్‌ను అద్దెకు తెచ్చుకుంటారు. అది ఎప్పుడు ఎవరి కల్లానికి వెళ్లాలో వంతులు వేసే పని వీళ్లది. రైతుల ఫోన్లకు సందేశాలు పంపి, వాళ్ల జవాబును బట్టి పట్టికలో మార్పులు చేసేది మాత్రం మనిషి కాదు, ఏఐ ఏజెంట్. ఒక్కో వంతు పక్కన "ఉంది", "నడుస్తోంది", "అయింది", "రద్దు" అని మార్చడానికి దానికొక పనిముట్టు ఇచ్చారు. దాన్ని ఎలా వాడాలో రాసిపెట్టిన సూచనలను అది ప్రతిసారీ చదువుకుని, వాటి ప్రకారమే నడుచుకుంటుందట.

ఆ సూచనలు బిడ్డ హడావుడిలో రాసినవి, నాలుగే వాక్యాలు. వాటిని విడమరచి తెలుగులోనే రాయమంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు కోత ఆర్డర్లు రాసి రిటైరైనవాణ్ణి, డైరీ రాయకుండా పడుకోనివాణ్ణి కాబట్టి నాకైతే ఓపిక ఉంటుందని తన లెక్క. రాద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. కొత్తగా చేరిన గుమాస్తాకైతే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పవచ్చు, దీనికి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంతలో నందిపేట్ దగ్గరి పల్లె నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన చెల్లెలి మామ చనిపోయాడు. అప్పటికే తవ్విన పసుపు ఆమె కల్లంలో కుప్పగా ఉంది. వాళ్ల వంతు దగ్గర పడితే ఏజెంట్ సందేశం పంపింది. దినాలు కాని ఇంట్లో ఆ ఫోన్ ఎవరు చూస్తారు? జవాబు రాకపోతే రద్దు చేయమని నాలుగు వాక్యాల్లో ఒకటి ఉండడంతో అది రద్దు చేసింది. బాయిలర్ మెండోర వైపు వెళ్లిపోయింది. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. ఉడకని కుప్ప మీద వాన పడితే కుళ్లు పడుతుంది, ఆ ఇంటి ఏడాది కష్టం నేలపాలవుతుంది.

బిడ్డ అప్పటికప్పుడు తన చేత్తో వంతును మళ్లీ తెరిచింది. ఊపిరి పీల్చుకున్నాం. తెల్లారి చూస్తే అది మళ్లీ రద్దయి ఉంది. ఏజెంట్ ఇంకో సందేశం పంపింది, జవాబు రాలేదు, చదువుకున్నది చదువుకున్నట్టే చేసింది.

ఆయన మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి నేను తీసుకున్నాను. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"సార్, మా ఊర్ల ఇంట్ల మనిషి పోతె వంతు ఎనకకు జరుపుతరు గని కొట్టేస్తరా? ఎనకోడు ముందుకొస్తడు, వీళ్లు తర్వాత పెట్టుకుంటరు. గిదేం మిషినో, మైల గూడ తెల్వది."

కోత ఆర్డర్లలో మేం చేసిందీ అదే. ఇంట్లో చావు జరిగిన రైతు పొలం వదిలి పక్క పొలం కోయించేవాళ్లం. దినాలయ్యాక వెనక్కి వచ్చేవాళ్లం. ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. తెలిసిందే కాబట్టి ఎక్కడా రాయలేదు. ఈ ఏజెంట్‌కు మాత్రం రాయనిది లేనట్టే.

వెంటనే బిడ్డ పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను, తను టైప్ చేసింది. జవాబు రాకపోవడం వద్దనడం కాదు. వంతు ఎవరిదో ఆ ఇంటివాళ్లు నోటితో వద్దంటేనే రద్దు. జవాబు లేకపోతే "ఆగింది" అని పెట్టి, ఎందుకు ఆగిందో రాయి. ఇంటివాళ్లు పలకకపోతే వాళ్ల తరఫున మాట్లాడే మనిషిని అడుగు. అతనూ దొరకకపోతే పైగదిలో ఉన్న మమ్మల్ని అడుగు, నీ అంతట నువ్వు తేల్చకు. మార్చాల్సిన ముక్క ఒక్కటే మార్చు, మిగతావి ముట్టుకోకు.

"బాపు, 'ఆగింది' అనేది మా పట్టికలనే లేదు కదనే," అంది బిడ్డ.

"లేకపోతె పెట్టు బిడ్డా. అదే లేకనే కదా ఇంత లొల్లి."

స్నేహితురాలు పట్టికలో ఆ మాట చేర్చి, ఆ ఇంట్లో చావు సంగతీ ఫోన్ చేసిన అన్న నంబరూ ఆమె వంతు పక్కన రాసింది. ఏజెంట్ కొత్త సూచనలు చదువుకుని ఏం చేస్తుందోనని ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. టీ చల్లారిపోయింది. ఆమె వంతు పక్కన "ఆగింది" అని పడింది. కింద కారణం, "ఇంట్లో మరణం, అన్నను అడుగుతున్నాను". కాసేపటికి ఆ అన్న, పక్క పొలాలవాళ్లతో ఉడికించుకుంటాం పంపమన్నట్టు, తర్వాతి వంతు రైతు తన వంతు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు కనిపించింది. బిడ్డ కుర్చీలో కూర్చుని వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. తను నిద్రపోతోందనుకుని స్నేహితురాలు ఫ్యాన్ తగ్గించింది.

బాయిలర్ మర్నాడు ఆ కల్లం చేరింది. ఇంటివాళ్లు బయటికి రాలేదు, పక్క పొలాలవాళ్లే కుప్ప ఎత్తి పోశారు. సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. వెనక ఆవిరి బుస్సుమంటోంది, ఎవరో కప్పడానికి టార్పాలిన్ పట్టాలు తెమ్మని అరుస్తున్నారు.

"ఆఖరి డ్రమ్ము ఉడుకుతున్నది సార్. మీ మిషిన్‌కు ఇగ సుట్టరికం తెల్సినట్టుంది. దినాలకు దాన్ని గూడ పిలుస్త."

నేను నవ్వి, ఉడికినదంతా పట్టాల కింద పెట్టించమన్నాను. పెట్టించేశామన్నాడు. అక్కడ చినుకులు మొదలయ్యాయట. అవి పట్టాల మీద పడుతున్న చప్పుడు ఫోన్‌లో నాకూ వినబడింది.