మూతల మీద గుర్తులు

ప్రయోగశాలలో అందరూ మట్టాయన అని పిలిచే ఆ రసాయనికుడు ఏ ద్రవాన్ని చూసినా, ముందు గిన్నెను వంచి అది ఎలా జారుతుందో గమనిస్తాడు. ఇంట్లో టీ ఇచ్చినా అంతే. "అది బురద కాదండీ, తాగండి," అంటుంది భార్య. చమురు బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద, రాతి పలుకులను అడుక్కి దిగనివ్వకుండా మోయాలి. లేకపోతే అవి తవ్వే గొట్టాన్ని పట్టేస్తాయి. ఆ బురదకు ఓడల్లో తెప్పించే మట్టి అక్కర్లేదని, దగ్గరి గుట్టల మట్టే చాలునని నిరూపించడం అతని ఏళ్ల తరబడి తపస్సు. ఆ ఉదయం, ఒకదానిలో ఓడ మట్టితో, మరొకదానిలో గుట్ట మట్టితో బురద కలిపి, రాతి పలుకులు వేసి, కదపకుండా ఉంచిన రెండు సీసాల మూతలూ ఆత్రంగా తీసి పక్కన పడేశాడు. ఒకదానిలో పలుకులు అడుగున పేరుకున్నాయి, మరొకదానిలో తేలుతూ నిలిచాయి. ఏది ఏ మట్టిదో చెప్పే రంగు కాగితాలు మాత్రం మూతల మీదే ఉండిపోయాయి; ఏ మూత ఏ సీసాదో ఇక తెలియలేదు.

"నిలిచింది మీ గుట్టదేనా? మీ మాటే చాలు, రేపే బావిలో పోయిస్తాను," అన్నాడు ఫలితం చూడ్డానికి వచ్చిన బావి పనుల అధికారి. మట్టాయన రెండింటినీ వేళ్ల మధ్య రాసి చూశాడు. ఒకసారి ఇది తనదనిపించింది, మరోసారి అది. తెలిసినదాన్నీ, కోరుకున్నదాన్నీ ఆ వేళ్లు విడదీయలేకపోయాయి. "తెలియడం లేదండీ. మళ్లీ కలుపుతాను." "ఇన్నేళ్లు పిసికిన మట్టిని గుర్తుపట్టలేరా? అంత టైం లేదు, ఈసారికి ఓడ మట్టే," అని అధికారి నవ్వుతూ వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంట్లో మట్టాయన టీ కప్పును అలవాటుగా వంచబోయి ఆగి, "చక్కెర వేశావా?" అని అడిగాడు. "తాగితే తెలుస్తుంది కదండీ," అంది భార్య. తాగాడు. తియ్యగానే ఉన్నట్టనిపించింది. ఆ మాట అనేముందు ఇంకో గుక్క తాగాడు.