జ్వరంతోనే రమ్మన్నాను

సాంచాల మీద పనిచేసే ఆ నేత కార్మికుడు ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోతున్నాడని, అతని భార్య కరీంనగర్‌లోని మా ఆసుపత్రికి మూడోసారి తీసుకొచ్చింది. ఎప్పటిలాగే తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పటిలాగే ఈసీజీలో ఏమీ లేదు. నాకు చిరాకేసింది.

"వచ్చే ముందు ఇంట్లో ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"జరం గోలి ఏస్త సారూ. పెయ్యి సల్లవడ్డంకనే తోల్కత్త. కాలే పెయ్యితోని డాక్టర్ దగ్గరికి ఎట్ల తెస్తం?"

జ్వరం! ఆ ప్రశ్న మొదటిసారే అడగనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్లీ జ్వరం వస్తే గోలి వేయకుండా వెంటనే తెమ్మన్నాను.

నెల తిరక్కుండానే జ్వరంతో ఉన్నవాణ్ని దుప్పటి కప్పి తెచ్చింది. ఈసీజీ గీతలు మారిపోయాయి. ఒళ్లు అలా కాలుతున్నప్పుడే బయటపడే అరుదైన గుండెజబ్బు అది. గుండె లయ తప్పితే సరిచేసే యంత్రాన్ని ఛాతీలో అమర్చాం.

మర్నాడు వార్డులో, ఇకమీదట జ్వరం రాగానే గోలి వేయమని ఆమెకు చెప్పాను.

"గప్పుడు ఎయ్యద్దంటిరి, గిప్పుడు ఎయ్యమంటున్నరు. ఒక్క మాట మీద ఉండున్రి సారూ!"

మంచం మీద ఆయన పగలబడి నవ్వాడు. అలవాటుకొద్దీ నేను మానిటర్ వైపు చూశాను. గీత తడబడలేదు.