గేదె పాలు కప్పేసిన ఎరుపు

మా అపార్టుమెంటులో అద్దాలు తుడిచే అమ్మాయి మొన్న కొత్త సీసా ఏదో తెచ్చి లిఫ్టు అద్దం మీద కొట్టింది. ఘాటైన అమ్మోనియా వాసన గుప్పున ముక్కులోకి దూరి నా కళ్ల వెంట నీళ్లు కారాయి. "అయ్యో, మీకు పడదా ఆంటీ?" అని ఆ పిల్ల కంగారుపడింది. పడకపోవడమేమిటి, ఆ వాసన పీలిస్తే నా వయసు సగానికి సగం తగ్గిపోతుంది! విజయవాడ వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌన్ పైన మేడగది, అందులో మా ఎస్తేరు గారు, ఆవిడ చేతిలో గాజుపలక, అన్నీ కళ్లముందు నిలుస్తాయి. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిణ్ని చూడనివాళ్లకు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

డెబ్బైల మొదట్లో బీఎస్సీ పాసై పామర్రులో మా ఇంట్లో ఊరికే కూర్చున్నాను. "ఖాళీగా ఉండే బదులు కుట్టు నేర్చుకోవచ్చు కదే" అని అమ్మ పోరు పెడుతుంటే, పేపర్లో ప్రకటన చూసి విజయవాడలో ఆ మేడగది ల్యాబులో చేరాను. వన్ టౌన్ హోల్‌సేల్ వ్యాపారులు పసుపు, కారం, నూనెలు తెచ్చి పరీక్ష చేయించుకునే చోటది. ఎస్తేరు గారు అక్కడ పెద్ద కెమిస్టు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ నేత చీరే. చేతికి గడియారం తప్ప ఒంటి మీద నగ ఉండేది కాదు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే మిగతా రోజులన్నీ మమ్మల్ని తిట్టేవారు. ఆ తిట్టడంలోనూ మర్యాద తప్పేవారు కాదు. "ఏమండీ సరళ గారూ, గరాటు కడగడం తమ హోదాకు తక్కువా?" అంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది.

చేరిన కొత్తలోనే నా చేతికి గాజుపలకలు ఇచ్చారు. సిలికా జెల్ అనే తెల్లటి పొడిలో కాస్త ప్లాస్టర్ కలిపి, నీళ్లు పోసి గిలక్కొట్టి, పలక మీద పల్చగా, సమంగా పరిచి, ఆరాక ఓవెన్‌లో పెట్టాలి. నేను పరిచింది ఒకచోట మందంగా, ఒకచోట చిల్లులు పడి తయారైంది. ఎస్తేరు గారు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "దోసె బాగానే వచ్చిందమ్మా, చట్నీ ఏదీ?" అన్నారు. ఏడుపొక్కటే తక్కువ నాకు. మర్నాడు నా పక్కన నిలబడి, నా చెయ్యి పట్టుకుని నేర్పించారు. పలక అడుగున సన్నటి గొట్టంతో రంగు చుక్క పెట్టాం. మిఠాయి కొట్లలో ఉండే మూత సీసా ఒకటి తీసుకుని, అడుగున కొద్దిగా ద్రావకం పోసి, పలకను అందులో నిలబెట్టాం. ద్రావకం ఆ తెల్లటి పూత వెంబడి పైకి పాకింది. చుక్కలో ఉన్న పదార్థాలు దానితోపాటు ఎక్కుతూ ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఆగిపోయాయి. ఒకే రంగు అనుకున్న మిఠాయి ఆకుపచ్చ నా కళ్లముందే నీలంగా, పసుపుగా విడిపోతుంటే నోరు వెళ్లబెట్టాను. "ఇదీ థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ అంటే. పరీక్షలో రాసి మర్చిపోయి ఉంటావు" అన్నారావిడ. నిజమే, మర్చిపోయాను. మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు.

ఒక ఏడాది వానలు దంచి కొడుతుండగా పెడన నుంచి వీరాస్వామి గారు వచ్చారు. చెక్క అచ్చులతో బట్టల మీద కలంకారీ అద్దకం చేయించే మనిషి. ఆయనతోపాటు మద్రాసు కొనుగోలుదారు పంపిన ఏజెంటు, పేరు శేషగిరిరావు. వీరాస్వామి గారి బట్టల మీది ఎరుపు చిరివేరు మొక్క వేళ్ల నుంచి తీసిన అసలు రంగు కాదని, డబ్బాల్లో వచ్చే ఫ్యాక్టరీ రంగుతో అద్ది వేరు రంగని అమ్ముతున్నాడని ఎవరో మద్రాసులో ఊదారట. విదేశం వెళ్లాల్సిన సరుకు అక్కడే ఆగిపోయింది. వేరు రంగేనని మా ల్యాబు రాసిస్తే ఓడ ఎక్కుతుంది, లేకపోతే తిరిగొస్తుంది. "సరుకు పోతే పోనివ్వండమ్మా," అన్నారు వీరాస్వామి గారు. "మా నాన్న కాడ్నించీ వేరు ఎరుపంటే మాదేనని పేరు. దొంగరంగోడు అని ఒకసారి అనిపించుకున్నాక మా పాకలోకి ఇంకెవడొస్తాడండీ? అద్దేవాళ్లు, ఉతికేవాళ్లు అందరం చేతులు ముడుచుకుని కూచోవాల్సిందే."

బట్టముక్కను ఆమ్లంలో వేడిచేసి రంగు దించాను. పలక మీద ఫ్యాక్టరీ రంగు చుక్క, వీరాస్వామి గారు తెచ్చిన వేరు నుంచి తీసిన చుక్క, వాటి పక్కనే బట్ట చుక్క పెట్టి సీసాలో నిలబెట్టాను. మొదటి రెండు వరుసల్లోనూ చుక్కలు చక్కగా నిలిచాయి. బట్ట చుక్క మాత్రం అడుగు నుంచి పైదాకా మురికి తోకలా సాగిపోయింది. అది వేరుతోనూ కలవలేదు, ఫ్యాక్టరీ రంగుతోనూ కలవలేదు. పలకను ఎస్తేరు గారి ముందు పెట్టాను. శేషగిరిరావు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "చూశారా మేడం గారూ! ఏవేవో కలిపేశాడు. కల్తీ అని రాసిచ్చెయ్యండి, సాయంత్రం మెయిల్ బండికి వెళ్లిపోతాను."

"నాకిందులో ఏమీ కనపడటం లేదండీ," అన్నారు ఎస్తేరు గారు. "కనపడనిదాన్ని కల్తీ అని ఎలా రాయను?"

"మరేమని రాస్తారు?"

"పలక పాడైందని రాస్తాను. పలక నాది, ఆయనది కాదు."

శేషగిరిరావు రుసరుసలాడుతూ కిందికి వెళ్లి మా యజమానికి చెప్పాడు. యజమాని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "పెద్ద పార్టీ అమ్మా, ఎందుకు మనకీ గొడవ" అని నసిగాడు. ఎస్తేరు గారు తెల్లకాగితం తీసి, కలం మూత విప్పి ఆయన ముందుకు జరిపారు. "మీరే రాసి సంతకం పెట్టండి సార్. నేను రేపట్నుంచి రాను." ఆయన ఆ కలం వైపైనా చూడకుండా దిగిపోయాడు. అబ్బ, ఆ క్షణంలో ఆవిడకు దండం పెట్టాలనిపించింది!

మర్నాడు పొద్దున్నే ఆ పాడైన పలకనే తీసి, అయోడిన్ పలుకులు వేసిన సీసాలో పెట్టారావిడ. జిడ్డు ఎక్కడుంటే అక్కడ అయోడిన్ ఆవిరి పట్టుకుంటుంది. చూస్తుండగానే ఆ తోకంతా దట్టంగా గోధుమరంగుకు తిరిగింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "సరళా, ఇది జిడ్డే! రంగు జిడ్డులో మునిగిపోయింది" అన్నారు. సత్రంలో ఉన్న వీరాస్వామి గారికి కబురు పెట్టి రప్పించాం. "బట్టకు నూనె ఏమైనా పట్టిస్తారా?" అని ఎస్తేరు గారు అడిగారు.

"నూనా? రామ రామ! నూనె తగిల్తే రంగే పట్టదండీ."

"పోనీ నెయ్యి, వెన్న?"

"బట్టకు నెయ్యి రాసేవాళ్లుంటారా అమ్మా ఎక్కడైనా!" అని ఆయన బిత్తరపోయి, కాసేపు ఆలోచించి, "అద్దకానికి ముందు కరక్కాయ నీళ్లలో పాలు పోసి నానబెడతాం, అంతే. చిక్కటి గేదె పాలు. అవి లేకపోతే రంగు గీత దాటి పాకేస్తది" అన్నారు.

ఎస్తేరు గారు పకపకా నవ్వారు. "నిన్న అంతసేపు కూర్చున్నారు, ఈ మాట చెప్పలేదేమండీ?"

"మీరు రంగు గురించి అడిగారు గానీ పాల గురించి అడగలా!"

పాలు పట్టించి ఇంకా రంగు అద్దని బట్ట కావాలని ఆయన్ని పెడన పంపించారు. అది లేకుండా రిపోర్టు రాయనన్నారు. మర్నాటికల్లా ఆయన తడిసి ముద్దై, బట్టను మాత్రం సంచిలో పొడిగా పట్టుకొచ్చారు. ఈసారి ఎర్రబట్టను ముందుగా పెట్రోలియం ఈథర్‌లో ఉతికాం. జిడ్డంతా అందులోకి దిగిపోయింది. అద్దకంలో వాడే పటికతో పెనవేసుకున్న ఎరుపు ఇసుమంతైనా కదల్లేదు. ఆ తర్వాతే ఆమ్లంతో రంగు దించాం. వాన గాలికి పలక చెమ్మగిల్లకుండా ఓవెన్‌లోంచి తీసిన వెంటనే చుక్కలు పెట్టాను. ఫ్యాక్టరీ రంగు, వేరు, ఉతికిన ఎర్రబట్ట, చివర రంగు లేని పాలబట్ట. శేషగిరిరావును దగ్గరే నిలబెట్టి, ఎస్తేరు గారు పలకను అమ్మోనియా ఆవిరికి పట్టారు. ఫ్యాక్టరీ రంగు ఒక్కటే చుక్కగా ఊదారంగుకు తిరిగింది. ఫ్యాక్టరీ చేసేది వేరులో ఉన్న ఆ ఒక్క పదార్థాన్నే, అందుకే వేరు వరుసలోనూ అదే ఎత్తులో ఊదా చుక్క, దానికి తోడు వేరే ఎత్తుల్లో ఎర్రటి చుక్కలు. నేల తయారుచేసిన రంగు ఒంటరిగా ఉండదు, దానికి తోబుట్టువులు ఉంటాయి. బట్ట వరుస చూద్దును కదా, వేరు వరుసకు కవలపిల్ల! తర్వాత అయోడిన్ ఆవిరి పట్టిస్తే పాలబట్ట వరుసలో మొదటిరోజు తోక మళ్లీ ప్రత్యక్షమైంది. రంగే లేని బట్టకు ఆ తోక వచ్చిందంటే ఇంక మాట్లాడేదేముంది? నాకు ఈల వెయ్యాలనిపించింది. వేశాను కూడా. ఎస్తేరు గారు వినబడనట్టు ఊరుకున్నారు.

శేషగిరిరావు కళ్లద్దాలు తుడుచుకుని పలకను చాలాసేపు చూశాడు. "ఒప్పుకుంటున్నాను మేడం గారూ. వేరు రంగే" అన్నాడు.

"నాతో కాదండీ," అన్నారావిడ. "నన్నెవరూ దొంగ అనలేదు. ఆయనతో చెప్పండి."

శేషగిరిరావు మెల్లగా వెనక్కి తిరిగాడు. "వీరాస్వామి గారూ, మీ ఎరుపు నిఖార్సైనది. నేనన్న మాట తప్పు." అన్ని రోజుల్లో ఆ పేరుకు ఆయన 'గారు' చేర్చడం అదే మొదలు. వీరాస్వామి గారు తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నారు. ఉన్నట్టుండి వరండాలోకి పరుగెత్తి, కింద మిరప బస్తాలు మోస్తున్న కూలీలకు వినపడేలా, "మాది వేరు ఎరుపేనహో!" అని అరిచారు. వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఒకాయన బస్తా దించి "శభాష్!" అన్నాడు. లోపలికొచ్చి, "నా నెత్తిన పాలు పోశారమ్మా" అని ఆయన చేతులు జోడిస్తే, "బాబ్బాబూ, మళ్లీ పాలా! ఇక చాలండీ" అన్నారు ఎస్తేరు గారు. అందరం కడుపుబ్బ నవ్వాం. శేషగిరిరావు కూడా నవ్వాడు.

తర్వాత్తర్వాత నేనూ వేరే ల్యాబులో పెద్ద కెమిస్టునయ్యాను. పెద్ద పెద్ద మెషీన్లు వచ్చాయి. నా కింద పనిచేసిన పిల్లలకు అవి నేర్పాను. ఎస్తేరు గారి దగ్గర నేర్చుకున్న పని మాత్రం ఏ మెషీనూ చెయ్యలేదు. ఒకసారి, పసుపు కొట్టి అమ్ముకునే ఒకావిడ అందులో రంగు కలుపుతోందని ఒక కొట్టు యజమాని ఫిర్యాదు తెచ్చాడు. పరీక్షలో ఆ పసుపు శుభ్రంగా తేలింది. ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి," అన్నాను. "ఆవిడక్కూడా కబురు పెట్టాను, వస్తోంది."

"ఆవిడెందుకండీ? పరీక్ష చేయించింది నేను కదా!"

"రిపోర్టు మీదేనండీ. కల్తీ లేదన్న మాట మాత్రం ఆవిడకు చెందాలి."

ఆయన ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆవిడ మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినపడగానే నేను లేచి నిలబడ్డాను. నన్ను చూసి ఆయన కూడా లేచాడు.