చిలకల అంచు, ఎర్ర గుర్తులు

గద్వాలలో ఒకే ఒక్క మగ్గం మీద బతికే నేతగాడొకాయన నాతో వెబ్‌సైటు చేయించుకున్నాడు. ఊరికో నెట్ సెంటర్ వెలుస్తున్న రోజులవి. వనపర్తిలో మా ఇంట్లో కంప్యూటర్ ఉండడమే నా అర్హత. ఆయన గోపురాల అంచులో జంట చిలకలు కూర్చి కొత్త డిజైను నేశాడు. బొంబాయి వ్యాపారి ఒకడు సైటులో చూసి, నచ్చితే ఏడాదికి సరిపడా పని ఇస్తానన్నాడు. ఫొటోలు నా చేతికిస్తూ ఆయన ఒకే షరతు పెట్టాడు.

"బేరం కుదిరేదాంక మా ఊర్ల ఎవ్వరి కంట పడొద్దు సార్. చూసిండ్రంటే పెద్ద మగ్గాలోళ్లు ఊకుంటరా?"

కొత్త అంచును ఇంటికొచ్చిన చుట్టానికి కూడా చూపించరు వాళ్లు. అందుకే సైటును నేను మా ఇంట్లో తప్ప ఎక్కడా తెరిచి చూడలేదు.

వ్యాపారి చూస్తానన్న రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"సార్, ఆయన ఫొటోలు లేవంటుండు. డబ్బాలల్ల ఎర్ర గుర్తులే ఉన్నయంట. సాయంత్రందాంక చూస్తడంట, లేకుంటే ఇంకోళ్లను అడుగుతడంట."

"నా దగ్గర మంచిగ కనపడుతున్నయన్నా. ఆయన కంప్యూటరే ఖరాబైనట్టుంది."

"జర వేరే దగ్గర చూడుండ్రి సార్."

తిట్టుకుంటూ ఎండలో మా వీధి చివరి నెట్ సెంటర్‌కి వెళ్లాను. నిజమే, ఆరు డబ్బాలు, ఆరు ఎర్ర ఇంటూ గుర్తులు. ఫొటోలు సర్వర్‌కి ఎక్కించాను గానీ, పేజీలో వాటి దారి మాత్రం మా ఇంటి కంప్యూటర్‌లోని సి డ్రైవ్‌కి రాసిపెట్టాను. నా కంప్యూటర్ తన ఫొటోలనే తనకు చూపించుకుని మురిసిపోతోంది! సిగ్గేసింది. ఇంటికొచ్చి దారి మార్చి, మళ్లీ ఎండలో పరుగెత్తాను. మళ్లీ ఎర్ర గుర్తులే. పేజీ ఒక ఫోల్డర్‌లో, ఫొటోలు దాని పక్క ఫోల్డర్‌లో ఉన్నాయి. ఒక మెట్టు పైకెక్కి పక్కకు దిగాలని రాయడం మరిచాను. నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అదీ సరిచేసేసరికి నాలుగు దాటింది. మూడోసారి ఎండలోకి వెళ్లే ఓపిక లేదు. గద్వాలకు, నేతగాడికే ఫోన్ చేశాను.

"అక్కడ నెట్ సెంటర్ల తెరిచి చూడు."

"గీడనా సార్? అందరుంటరు..."

"పని గావాల్నా, వద్దా?" అని అరిచాను. తప్పు నాది, కేకలు ఆయనకు.

పావుగంటకు మళ్లీ ఫోన్ వచ్చింది. "కనపడుతున్నయి సార్. ఆరుకారు." ఆయన వెనక ఎవరెవరో మాట్లాడుతున్నారు. ఆ రోజు పరీక్ష ఫలితాలట, నెట్ సెంటర్ కిక్కిరిసి ఉందట. అందులో సగం మంది మగ్గాల ఇళ్లవాళ్లే. నాకు గెలిచినంత సంతోషంగా ఉంది, ఆ మాటలు పట్టించుకోలేదు.

వ్యాపారి ఆ సాయంత్రమే పని ఖాయం చేశాడు. నేతగాడు మూడో చీర మగ్గం మీంచి దించకముందే ఆ వ్యాపారే ఇక వద్దన్నాడు. అవే చిలకలు గద్వాలలోనే నలభై మగ్గాలున్న సేటు దగ్గర తక్కువకు దొరికాయట.

ఆ సంగతి చెప్పడానికి నేతగాడే ఫోన్ చేశాడు. నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. సైటులోంచి ఫొటోలు తీసెయ్యమంటావా అని అడిగాను.

"ఉండనియ్యిండ్రి సార్," అన్నాడు. "ఇంక దాసుకునేదేముంది?"