తొంభై ఎనిమిదో నంబరు ఇంటి నొప్పి

బస్సు పదకొండో స్టాపు దాటి, పన్నెండోది చేరకముందే ఒక పక్కకు ఒరిగి, గట్టిగా ఊపిరి వదిలి ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనక చక్రాన్ని చూశాడు. కండక్టరు దిగి డ్రైవరును చూశాడు. ప్రయాణికులంతా దిగి ఇద్దర్నీ చూశారు. ఏ ఊళ్ళో బస్సు ఆగినా ఈ చూపులు ఈ వరసలోనే నడుస్తాయి. చక్రం మాత్రం ఇంతవరకు ఎవరి చూపుకీ బాగుపడిన దాఖలా లేదు.

అందరికంటే చివర దిగింది కంపోజిటరక్క. దిగడం ఆమెకు మూడంచెల పని. ముందు కడ్డీని మోచేతి మడతలో ఇరికించుకోవాలి. తర్వాత కుడికాలు కిందికి వదలాలి. ఆ తర్వాత మిగిలిన శరీరం కూడా వస్తుందో రాదో కాసేపు ఎదురుచూడాలి. మామూలు రోజుల్లో వెనకున్నవాళ్ళు "నిదానంగా దిగండమ్మా" అని నోటితో అంటూ, భుజంతో ముందుకు తోస్తుంటారు.

యాభై ఎనిమిదేళ్ళ ఈ మనిషికి ఆ పేరు ప్రెస్సులో పడింది. పాతికేళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, పెళ్ళిపత్రికలూ సంతాప సభల నోటీసులూ తయారుచేసింది. ఒకే చేతి మీదుగా రెండూ వెళ్ళడం వల్ల కాబోలు, మనుషుల సంతోషాన్నీ దుఃఖాన్నీ సమానమైన అనుమానంతో చూడడం అలవాటైంది. సీసపు అక్షరం తలకిందులుగా ఉంటుంది, అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. దాన్ని అలాగే చదవడం రాకపోతే ఆ ఉద్యోగంలో మూడో రోజు ఉండనివ్వరు. ఆ అలవాటుతో ఆమె ఎదుటివాడి చేతిలోని కాగితాన్ని బల్లకు ఇవతల నిలబడి, వాడికంటే ముందే చదివేసేది.

తర్వాత ప్రెస్సులోకి కంప్యూటరు వచ్చింది, ఆమె కీళ్ళలోకి వాతం వచ్చింది. కంప్యూటరు రెండేళ్ళకోసారి పాతబడి బయటికి పోతుండేది. వాతం అలా కాదు, పెట్టేబేడాతో దిగింది. పదిహేనేళ్ళయినా ఒక్క రోజు ఊరెళ్ళలేదు.

రోగం వచ్చినవాడికి మందు దొరకడం కష్టం గాని, సలహాకు ఎన్నడూ కరువు లేదు. పచ్చగడ్డి మీద చెప్పుల్లేకుండా నడవమన్నది పక్కింటి టీచరు. అసలు నడవనే వద్దన్నాడు ఎదురింటి లాయరు. ఎడమవైపు తిరిగి పడుకోమన్న బంధువుకూ, కుడివైపు తిరగమన్న బంధువుకూ ఇప్పటికీ మాటల్లేవు. ఆమె వెల్లకిలా పడుకుంటుంది.

ఉత్తరాల సంగతి మొదలైంది మాత్రం ఏడాది కిందట, ఆస్పత్రి వరండాలో. ఆ రోజు డాక్టరు గదిలోంచి పచ్చ శాలువా కప్పుకున్న ఒకావిడ బయటికొచ్చి కంపోజిటరక్క పక్కన కూర్చుంది. ఇది జీవితాంతం ఉండే జబ్బని చిన్న డాక్టరు అప్పుడే చెప్పాడట. చెబుతూ గోడ గడియారం చూశాడట. ఆవిడ అదంతా నిబ్బరంగానే చెప్పింది. తర్వాత దాహమేసి నీళ్ళ సీసా మూత తిప్పబోయింది. రాలేదు. కంపోజిటరక్క అందుకుని ప్రయత్నించింది. ఆమెకూ రాలేదు. నాలుగు చేతులు, ఇరవై వేళ్ళు, ఒక ప్లాస్టిక్ మూత. జీవితాంతం అన్న మాటకు ఏడవని మనిషి ఆ మూత దగ్గర భోరుమంది. పాతికేళ్ళు మాటలు పేర్చిన కంపోజిటరక్కకు ఒక్క మాట దొరకలేదు. ఆవిణ్ణి పిలిచారు, వెళ్ళిపోయింది.

చెప్పలేని మాట పంపిద్దామనుకుంది. కౌంటరు మీద ఆవిడ ఫైలు గుమాస్తా వైపు తిరిగి ఉంది. అక్కడ ఎప్పుడూ చేసినట్టే పేరు మీద చీటీ గుచ్చారు. అడ్రసు మాత్రం కనిపిస్తోంది. తలకిందుల రాత ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఒక్క చూపులో వీధీ నంబరూ మనసులో పేర్చేసుకుంది.

ఇక ఇంటికెళ్ళి పని మొదలుపెట్టింది. మందుల అట్టపెట్టెలు విప్పి, తిరగేసి, కవర్లు చేసింది. మాత్రలు అయిపోయిన వెండిరేకుల్ని చేపలుగా, పక్షులుగా కత్తిరించింది. ప్రెస్సు మూసేసిన రోజు తెచ్చుకున్న సీసపు అక్షరాలు సిరాలో అద్ది, లోపల రెండు మూడు వాక్యాలు గుద్దింది. వేళ్ళు మాట వినేది పొద్దున పదింటి నుంచి పదకొండున్నర దాకానే. ఒక రోజు కత్తిరింపు, ఒక రోజు మడత, ఒక రోజు అతికింపు, ఒక రోజు అచ్చు. నాలుగు రోజులకొక ఉత్తరం. పేర్లు తెలియవు కాబట్టి కవరు మీద 'ఈ ఇంట్లో నొప్పితో ఉన్నవారికి' అని ఉంటుంది. తన అడ్రసు ఉండదు, ఉంటే మెచ్చుకోవడానికి జనం వచ్చి కూర్చుంటారని భయం. క్రమంగా ఆస్పత్రి ఫైళ్ళ మీంచి మరో ఎనిమిది అడ్రసులు కలిశాయి. అయినా రెండింటికొకటి పచ్చ శాలువా ఆవిడకే.

ఆమెకు పొద్దున్నే మంచం దిగడానికి పదిహేనేళ్ళ తర్వాత ఒక కారణం దొరికింది.

ఆ కారణానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. కుడి మణికట్టు అరిగిపోతోందని, ఆర్నెల్లు కదలకుండా పట్టీ బిగిస్తానని పెద్ద డాక్టరన్నాడు. లేదా పట్టీ లేకుండా, జాగ్రత్తగా, నొప్పి భరిస్తూ వాడుకోవచ్చు. ఎంచుకోమన్నాడు. జవాబు ఇవాళ చెప్పాలి.

తమ్ముడు బ్యాంకు మేనేజరు. ఇంట్లో కూడా మేనేజరే. ఇవాళ పొద్దున బయల్దేరబోతుంటే పట్టుకున్నాడు.

"ఏడాదిగా పంపుతున్నావు. ఒక్కరైనా బాగుపడ్డారా అక్కా? రుజువు చూపించు, మానేయమని అడగను."

"పచ్చ శాలువా ఆవిడ మూడు నెలల్నుంచి ఆస్పత్రికే రావట్లేదు. నయమైతేనేగా రాకుండా ఉండేది?"

"అడిగి తెలుసుకున్నావా?"

"ఇవాళ కౌంటర్లో అడుగుతా."

మరదలు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నేను రోజూ పొద్దున్నే ఒక్క నొక్కుతో మూడొందల మందికి పువ్వు పంపుతాను వదినా. నాకే వేలూ నొప్పి పుట్టదు."

"పుట్టేది పుచ్చుకున్నవాళ్ళకేమో అమ్మాయ్."

"అక్కా, మాట మార్చకు. రుజువు లేకపోతే పట్టీ. సరేనా?"

సరేనంది. అంత నమ్మకం ఆవిడ మీద.

అదీ, బస్సు ఆగేవేళకి కథ. రోడ్డు పక్కన మూసి ఉన్న సైకిల్ షాపు ముందు ఒక బెంచీ ఉంది. దాని మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న ఒక పెద్దాయన, ఇందాక బస్సులోంచి రెండు కాళ్ళతో ఒకేసారి దూకినాయన, చెయ్యూపాడు.

"ఎండలో నిలబడకండమ్మా, ఇలా రండి. కీళ్ళేనా?"

"కీళ్ళేనండి."

"చూడగానే పట్టేశాను. మనవీ కీళ్ళే!" ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టు అన్నాడు. "తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాను. ముప్పై ఆరేళ్ళు. తక్కెట్లో గ్రాము తేడా ఉంటే నా కంటికి దొరికిపోవాల్సిందే. రోగం ఏపాటిది?"

అని సీసా మూత రెండు వేళ్ళతో టక్కున తిప్పి, గటగటా నీళ్ళు తాగాడు.

కంపోజిటరక్క ఆ రెండు వేళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచండీ మీకు?"

"పదకొండు నెలలు. అంతకుముందూ ఉండే ఉంటుంది, నాకే తెలియలా. ఉత్తరాలొచ్చాక బయటపడింది."

"ఏం ఉత్తరాలు?"

ఆయన సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. తేదీల వరసలో పేర్చిన మందుల అట్టలు. పై అట్ట మీద వెండిరేకు చేప. తోక దగ్గర కత్తెర జారిన చోటు ఆమెకు బాగా గుర్తు. ఆ రోజు బొటనవేలు మొరాయించింది.

"చూడండి ఏం రాశాడో. 'ఈ ఇంట్లో నొప్పితో ఉన్నవారికి.' మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. మా ఆవిణ్ణి అడిగాను. నాకే నొప్పీ లేదు, ఉన్న నొప్పల్లా మీరే అంది. ఇక మిగిలిందెవరు? నేనేగా!"

"అంటే, ఉత్తరం చూసి..."

"వినండి. మొదటిదాంట్లో ఏముంది? 'పొద్దున్నే వేళ్ళు ముడుచుకోకపోతే వాటిని తిట్టకండి. పదింటికి అవే దారికొస్తాయి.' మర్నాడు లేవగానే ముడిచి చూశాను. ముడుచుకున్నాయి."

"మంచిదేగా."

"ఏం మంచిది? ముడుచుకున్నాయి గాని మునుపటిలా కాదు. తేడా ఉంది. మీకు తెలీదు, నాకు తెలుసు. అయిదుగురు డాక్టర్లకి చూపించాను, ఏమీ లేదన్నారు. ఏమీ లేదని చెప్పడానికి అయిదుగురు కావాలా? ఇవాళ పెద్ద డాక్టరు దగ్గరికే వెళ్తున్నా. ఆయనా లేదంటే ఈ కట్ట ఆయన బల్ల మీద పడేసి, ఈ రాసినాయన్ని చూసి నేర్చుకోవయ్యా అంటా."

"రాసినాయనా?"

"ఎవరో గొప్ప వైద్యుడు, రిటైరై ఉంటాడు. విద్యుంది గాని పాపం చేతిపని రాదు. చూడండి ఈ వంకర కత్తిరింపులు!"

నాలుగేసి రోజుల వంకర అది. తమ్ముడు అడిగిన రుజువు ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఉత్తరాలకు బలముందనడంలో ఇక సందేహమే లేదు. గుండ్రాయిలాంటి మనిషిని మంచమెక్కించేంత బలముంది. కాకపోతే ఇది ఏ వైపు రుజువో మేనేజరు తేల్చుకోవాలి.

అప్పుడు తోచింది ఆమెకు. ఇంత కట్ట చేరిందంటే, సగం ఉత్తరాలు వెళ్ళిన ఆ ఒక్క ఇల్లే అయ్యుండాలి. "మీ ఆవిడగారు పచ్చ శాలువా కప్పుకుంటారాండీ?"

"మా ఆవిడా? ఆవిడ విసనకర్ర వదలదు, శాలువా ఎందుకు? పచ్చ శాలువా మా వీధిలోనే ఇంకొకావిడది, ఎనభై ఆరో నంబరిల్లు. మాది తొంభై ఎనిమిది. ఆవిడ మీకెలా తెలుసు?"

కంపోజిటరక్క మనసులో ఆ ఫైలును మళ్ళీ కౌంటరు మీద పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పింది. అక్షరం తలకిందులైతే కంటికి తెలుస్తుంది, కన్ను దాన్ని సరిచేసుకుంటుంది. ఆ 86 అలా కాదు, తిరగేసినా 98 అయి బుద్ధిగా కూర్చుంటుంది. అందుకే సీసపు అచ్చుకు పక్కన చిన్న గాటు పెడతారు, పైవైపు ఏదో వేలికి తెలియడానికి. ఆరూ తొమ్మిదీ పట్టుకున్నప్పుడు గాటు తడమకుండా పేర్చొద్దని ప్రెస్సులో కొత్తవాళ్ళకు పాతికేళ్ళు చెప్పిందీ ఆమే. ఫైలు మీద గాటు లేదు. ఏడాది పాటు ఉత్తరాలు పన్నెండిళ్ళ అవతల పడ్డాయి.

"ఆవిడ ఎలా ఉన్నారండీ ఇప్పుడు?"

"ఏం చెప్పమంటారు! మొదట్లో మర్యాదగానే ఉండేది. సాటి రోగి కదా, ధైర్యం వస్తుందని వచ్చిన ప్రతి ఉత్తరం పట్టుకెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. వినేది. చేపల్నీ పిట్టల్నీ పట్టుకుని చూసేది. ఒక రోజు, ఇవన్నీ మీకెవరు రాస్తున్నారండీ అంది. తెలీదన్నా. నాకెవరూ రాయరే అంది. మరి రాయించుకోవడానికీ రాసిపెట్టి ఉండాలిగా తల్లీ అన్నా. తప్పేముంది?"

"తర్వాత?"

"తర్వాత తలుపు తీయడం మానేసింది. మందులు కూడా మానేసిందట, మా ఆవిడ చెప్పింది. ఆస్పత్రి గడప తొక్కి మూడు నెలలట. ఎవరికి కావాలి నేను ఉంటే అందట. అసూయండీ! రోగంలో కూడా అసూయ!"

మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఆమె పొద్దున్నే లేచి, ఆవిడ నడుస్తోంది, ఆవిడ మూతలు తిప్పేస్తోంది అనుకుంటూ ఉత్సాహంగా జిగురు కలిపింది.

"అవి మీకు రాసినవి కావండీ" అంది.

"నాకు కాకపోతే నా ఇంటికెందుకొస్తాయి? పోస్ట్‌మన్ ఏమన్నా గుడ్డివాడా?"

"పంపింది నేనే. నంబరు తప్పు చదివాను. మీకే జబ్బూ లేదు."

ఇన్‌స్పెక్టరు ఆమె ముఖం చూశాడు. తర్వాత ఒళ్ళో వంకర్లు తిరిగి ఉన్న ఆమె వేళ్ళు చూశాడు. తక్కెట్లో దొంగరాయి కనిపెట్టినవాడిలా నవ్వాడు.

"మీరా? ఈ వేళ్ళతోనా? బావుందమ్మా! ఆశ పడడంలో తప్పులేదు లెండి. ఆవిడా పడింది, మీరూ పడుతున్నారు. కావాలంటే ఒకటి చదువుతా, వినండి. ధైర్యమొస్తుంది."

"మీ వీధి ఇక్కడికెంత దూరం?"

"వెనక రెండు స్టాపులు. ఎందుకు?"

రెండు స్టాపులు మామూలు మనిషికి పావుగంట. ఆమె కాళ్ళకు ఒక పూట. అక్కడికెళ్ళి తలుపు తట్టినా తీస్తారన్న పూచీ లేదు. తీస్తే ఏమనాలి? అచ్చు గుద్దడానికైతే నాలుగు రోజులుండేవి, ఒక్కో మాటా తూచి పేర్చేది. నోటితో ఇప్పటికిప్పుడు ఎలా మొదలుపెట్టాలో ఒక్క ముక్క తోచలేదు. అయినా లేచింది. ఈ పాటికి ఆస్పత్రిలో ఆమె టోకెన్ పిలుస్తూ ఉంటారు.

అప్పుడే వేరే బస్సు వచ్చి ఆగింది. జనం గుంపుగా తోసుకున్నారు. ఇన్‌స్పెక్టరు అందర్నీ దాటుకుని ఎక్కి, కిటికీ పక్క సీట్లో సంచీ పడేసి, తనొకదాంట్లో కూర్చుని ఇంకోటి ఆపాడు. ఒళ్ళో కట్ట విప్పి, అందులోంచి ఒకటి ఏరుకున్నాడు.

"రండమ్మా, మీకు సీటు పట్టాను! ఇది పిట్ట బొమ్మది, అన్నిట్లోకి బాగుంటుంది. 'మీ పక్కన ఇంకొకరున్నారని...' ఏమ్మా? అమ్మా! అటెక్కడికి? ఆస్పత్రి ఇటు!"

కంపోజిటరక్క అప్పటికే రోడ్డు దాటి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తోంది. ఒక్కో అడుగూ వేసి, రెండోది వస్తుందో రాదో చూసుకుని, వచ్చాక మూడోది వేస్తూ పోతోంది.