కేబుల్ పట్టిన చేయి

మా కోరుట్ల గల్లీలో ఆయనను అందరూ దుబాయి వెల్డరనేవారు. నేను కాకా అనేవాణ్ణి.

కొత్తగా కొన్న మిగ్ వెల్డింగ్ మిషన్‌తో ఇంట్లో కూర్చుంటే, వైరు వెనక్కి కాలి గన్ను మూతికి అంటుకుపోయేది. మూతిలోని టిప్పు మూడుసార్లు మార్చాను, వైరును గన్నులోకి నెట్టే రోలరు బిగించాను. మళ్లీ అదే తంతు.

కాకా వచ్చి మిషన్ వంక చూడనైనా లేదు. వీపు తిప్పి నిలబడి, "నొక్కు" అన్నాడు. చప్పుడు విన్నాడు. మిషన్ నుంచి గన్నుకు వైరును తెచ్చే కేబుల్ నా కాళ్ల దగ్గర చుట్టలు పడి ఉంది. దాన్ని ఎత్తి, మెలికలు తీసి, ముంజేతి మీద పరుచుకున్నాడు.

"వైరు నిదానంగ అస్తాంది కొడుకా. గందుకే ఆడ్నే కరుగుతాంది. ఇప్పుడు చెయ్."

అతుకు పడింది.

ఆ వారమే కాకా వాళ్లింటి గేటు విరిగితే మిషన్ మోసుకెళ్లాను. "కండ్లు పోతయి, లోపటికి పోండ్రి" అని భార్యనూ బిడ్డనూ పంపేశాడు. నేను గన్ను అందించాను. తీసుకోలేదు.

"దుబాయిల పన్నెండేండ్లు గీ కేబులే పట్టిన. గన్ను ఒక్కనాడు పట్టలే. ఇంట్ల తెల్వది. నువ్వే చెయ్."

నేను వెల్డింగ్ చేశాను. ఆయన వెనుక కేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. వైరు ఒక్కసారీ ఆగలేదు.

అతుకు చల్లారాక బిడ్డ బయటికొచ్చి గేటు తడిమింది. "మా బాపే చేసిండు గదా అన్నా?"

కాకా నా వంక చూశాడు. నేను తలూపాను.

అబద్ధమాడానో, నిజమే చెప్పానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.