సీటు తీసుకున్నాను

బరంపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, కుర్చీలో కూర్చుని మాట్లాడితే గవర్నమెంటు జీతమిస్తుందట అని మా వీధంతా చెప్పుకుంది. దూరపు కొండలు నునుపు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, బోర్డు మీద దీపం వెలిగినప్పుడల్లా వైరు గుచ్చుతూ, తిట్టేవాడితో కూడా "నంబర్ ప్లీజ్" అంటూ ఒక్క పూట కూర్చుంటే తెలిసేది వాళ్ళకి. వెనక సూపర్‌వైజరు నిలబడి మా మాటలు వినేవాడు. మంచినీళ్ళు తాగాలన్నా భయమే. తాగితే మళ్ళీ లేవాలి కదా.

లేవడానికి ఒక పద్ధతి ఉండేది. సీటు ఖాళీగా ఉండకూడదు. ఇంకో అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యి వేసి "సీటు తీసుకున్నాను" అనాలి. ఆ మాట విన్నాకే హెడ్‌ఫోన్ తియ్యాలి. ఏ రూల్సులోనూ లేని పద్ధతి మరొకటి పక్క సీటు అక్క నేర్పింది. ఎవరినైనా లైన్లో ఉండమన్నాక వాళ్ళను వదిలేసి పోకూడదు. ఆవిడ ఇచ్ఛాపురం దగ్గరి పల్లెటూరి మనిషి, నాకంటే చాలా సీనియరు. మన మొహాలు ఎవరికీ తెలియకపోయినా మన గొంతు లేకపోతే ఈ ఊరు మూగదైపోతుందని మురిసిపోయేది. ఆ మురిపెం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, అసూయా కలిగేది.

తుఫాను పట్టిన మధ్యాహ్నం మిగతా అమ్మాయిలతో పాటు మా ఇద్దరికీ డ్యూటీ. ఊళ్ళో ఏదో కొట్టు నుంచి ఒకావిడ ఫోన్ చేస్తే అక్క బోర్డు మీద దీపం వెలిగింది. భర్త ఆర్యపల్లిలో పడవెక్కి సముద్రంలోకి వెళ్ళాడు, ఆర్యపల్లి కలపమని ఏడ్చింది. ఆర్యపల్లిలో అప్పటికి ఫోనే లేదు. దగ్గర్లోని ఛత్రపురం ఎక్స్ఛేంజీకి చెప్పి అక్కణ్ణుంచి మనిషిని పంపిస్తానని, అంతవరకూ లైన్లో ఉండమని అక్క చెప్పింది. ఇంతలో ఛత్రపురం లైను తెగింది. కాసేపటికి ఊళ్ళో లైన్లూ పోయాయి. బోర్డు మీద ఒక్క దీపం లేదు.

మమ్మల్ని రిలీవ్ చెయ్యాల్సిన వాళ్ళు ఆ గాలిలో రాలేకపోయారు. మిగతా వాళ్ళం లోపలి గదిలో నేల మీదే పడుకున్నాం. తెల్లారి వచ్చి చూస్తే అక్క అదే కుర్చీలో ఉంది. చచ్చిపోయిన బోర్డులో వైర్లు ఒక్కొక్కటే గుచ్చుతూ, "ఉన్నారా అమ్మా? అడుగుతున్నాను, ఉండండి" అంటోంది.

డ్యూటీ అంటే అదీ, చూసి నేర్చుకోండని సూపర్‌వైజరు మాకు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. దగ్గరికి వెళ్ళాక ఆ మంట చల్లారి భయం పట్టుకుంది. అక్క పెదాలు పగిలి ఉన్నాయి. కుర్చీలోనే చీర తడిసిపోయింది. చెయ్యి పట్టుకుని లేపబోతే నా వైపు చూడకుండానే, ఆగమన్నట్టు చిన్నగా అంది.

"ఉండెస్. ఆవిడ లైన్లో ఉంది."

సూపర్‌వైజరు బతిమాలాడు, గదిమాడు. ఆమె కదల్లేదు. ఇలాగే వదిలేస్తే ఈ మనిషి మనకి దక్కదనిపించింది. నా హెడ్‌ఫోన్ తెచ్చి పక్కన గుచ్చి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, సీటు తీసుకున్నాను అన్నాను.

అక్క వెంటనే లేచి నిలబడింది. "ఆవిడ ఆర్యపల్లి అడుగుతోంది. లైను ఒగ్గీకు, ఉండమన్నాను" అని చెప్పి, ఇంటికి వెళ్ళి పడుకుంది. తర్వాత ఫైళ్ళ సెక్షన్‌కి మార్పించుకుంది. ఒళ్ళు చేసింది, మనవల్ని ఆడించింది, మళ్ళీ ఆ తుఫాను మాట ఎత్తలేదు.

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. లైను లేదని నాకు తెలుసు. అలవాటు కొద్దీ, ఉన్నారా అమ్మా అన్నాను. చెవిలో హోరు. ఆ హోరులోంచి, చాలా దగ్గర్నుంచి, ఆడగొంతు "ఉన్నాను" అంది.

వెనక్కి తిరిగి చూశాను. సూపర్‌వైజరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

తర్వాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ వచ్చింది, మా బోర్డు పాత ఇనుములోకి పోయింది. నేనూ రిటైరయ్యాను. ఇప్పటికీ ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నాల్లో ఆ హోరు వినిపిస్తుంది. కోడలు భోజనానికి పిలిస్తే నోట్లోంచి అక్క యాసలో ఒకటే మాట వస్తుంది.

"ఎవులైనా ఒచ్చి కూకుంటే లేస్తాను."

కోడలూ గవర్నమెంటు ఆఫీసులోనే పని చేస్తుంది. ఇంటికొచ్చినా ఫోను చెవి దగ్గర్నుంచి దిగదు. మొన్న నా మాటకి నవ్వి, వేళాకోళానికి, "నేను కూకుంటాన్లే అత్తా" అంటూ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

ఆ చెయ్యి గాలిలోనే పట్టుకుని ఆపేశాను.